ఆ పసుపు లైటు నోరు నొక్కేయకండి

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ. మెట్రోలో అయితే వరసగా మూడు స్టేషన్లు, కూర్చునేలోపే దిగిపోతాం. అదే దారిలో సాయంత్రం ఆరున్నరకి కారులో వెళ్లి, బ్రేక్ ఎన్నిసార్లు నొక్కారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. సినిమా వదిలిన జనం, లైబ్రరీలోంచి టీకి బయటికొచ్చే కుర్రాళ్ళు, చెయ్యెత్తిన ప్రతి చోటా ఆగే ఆటో, ఎటు తిరుగుతుందో దానికే తెలియని స్కూటీ. చిక్కడపల్లి దాటకముందే లెక్క తప్పుతారు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టులో తెరిచాక పైనుంచి పోయేవాళ్ళకి కాస్త హాయి. కింద తిరిగే మనకి మాత్రం ఇప్పటికీ కాలు బ్రేక్ మీదే.

అందుకే ఒకే మోడల్ కారు, ఒకే కంపెనీ ప్యాడ్లు అయినా, విజయవాడ హైవే మీద తిరిగేదానికి వచ్చినంత కాలం మన గల్లీల్లో తిరిగేదానికి రావు. "నా ఫ్రెండ్‌కి ఇన్ని కిలోమీటర్లు వచ్చాయి, నాకెందుకు రాలేదు?" అని అడిగేవాళ్ళకి ముందు ఈ మాట చెప్పాలి. ప్యాడ్ కిలోమీటర్లని బట్టి అరగదు, బ్రేకుల్ని బట్టి అరుగుతుంది.

ఈ వారం ప్రశ్న అశోక్ నగర్ నుంచి వచ్చింది. "అన్నా, సెకండ్‌హ్యాండ్‌లో ఒక జర్మన్ కారు తీసుకున్నా. ముందు చక్రాల ప్యాడ్లు మార్పించా. అయినా డ్యాష్‌బోర్డ్ మీద పసుపు లైటు పోలేదు. షెడ్డులో అడిగితే 'సెన్సర్ వైరు కట్ చేసి రెండు కొసలు కలిపేస్తే లైటు బంద్ అయితది' అంటున్నారు. కలిపించేయనా?"

వద్దు తమ్ముడూ. ఆ ఒక్క పని మాత్రం చేయించొద్దు. ఎందుకో తెలియాలంటే ఆ వైరు అక్కడ ఏం చేస్తోందో ముందు చూడాలి.

లోపల జరిగేది

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం డిస్క్. దానికి రెండు పక్కలా రెండు ప్యాడ్లు. మనం కాలు నొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి కాలిపర్‌లోని పిస్టన్ ముందుకొచ్చి ఆ ప్యాడ్లని డిస్క్‌కి అదుముతుంది. కారు వేగమంతా అక్కడ వేడిగా మారిపోతుంది. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. ఈ క్రమంలో ప్యాడ్ కొంచెం కొంచెంగా అరుగుతుంది. అరగడం దాని జబ్బు కాదు, దాని ఉద్యోగమే అది. కొత్త ప్యాడ్‌కి అరిగే పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ. దగ్గరికి వచ్చిందంటే మార్చే టైమ్ వచ్చినట్టే.

ఆ సంగతి మనకి తెలిసేదెలా? దానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది చవకైనది. ప్యాడ్ వెనకున్న ఇనుప ప్లేటుకి ఒక చిన్న స్ప్రింగు రేకు బిగించి ఉంటుంది. ప్యాడ్ బాగా అరిగాక ఆ రేకు కొస డిస్క్‌కి తగిలి 'కీ...' మని సన్నగా అరుస్తుంది. వైరు లేదు, లైటు లేదు. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే చిన్న కార్లలో ఉండేది ఇదే.

రెండోది కరెంటుతో పనిచేసేది. ప్యాడ్‌లోకి ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క దూర్చి ఉంటుంది. దాని లోపల సన్నని తీగ. ప్యాడ్ అరుగుతూ అరుగుతూ ఆ ముక్క దాకా వస్తే, డిస్క్ ఆ ముక్కని కూడా అరగదీస్తుంది. లోపలి తీగ తెగుతుంది. తీగ తెగిందని కంప్యూటర్‌కి తెలియగానే లైటు వెలుగుతుంది. ఆ లైటు గుర్తు కూడా తెలుసుకోండి: పసుపు రంగులో గుండ్రని వలయం, దానికి రెండు పక్కలా తెగిన గీతలు. ఎర్ర రంగులో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో వచ్చేది వేరే. అది హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నప్పుడో, బ్రేక్ ఆయిల్ తగ్గినప్పుడో వస్తుంది. ఏబీఎస్ అక్షరాలతో వచ్చేది ఇంకోటి. మూడింటినీ కలిపి "బ్రేక్ లైటు" అనేసి షెడ్డుకి పోతే, సగం టైమ్ మనం చెప్పింది వాళ్ళకి అర్థమవడానికే సరిపోతుంది.

బీఎండబ్ల్యూ కార్లలో ఈ తీగ పద్ధతిని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. కొత్త మోడళ్ళలో సెన్సర్ రెండు అంచెల్లో తెగుతుంది. మొదటి అంచె తెగగానే కంప్యూటర్ "ఇంకా ఇన్ని కిలోమీటర్లు రావొచ్చు" అని అంచనా కడుతుంది. రెండోది తెగితే ఇక మార్చాల్సిందే. మెర్సిడెస్‌లో చాలాకాలంగా వాడే పద్ధతి దీనికి తలకిందులు. అందులో సెన్సర్ కొస డిస్క్‌కి తగిలితే సర్క్యూట్ పూర్తవుతుంది, లైటు వెలుగుతుంది. మొదట్లో బ్రేక్ నొక్కినప్పుడు మాత్రమే మినుకుమంటుంది.

ఈ తేడా గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. మొదటి రకంలో వైరు తెగితే లైటు వెలుగుతుంది. రెండో రకంలో వైరు తెగితే లైటు ఇక ఎప్పటికీ వెలగదు.

వైరు కలిపితే ఏమవుతుంది?

ఇదే ప్రశ్న నారాయణగూడ వెనక గల్లీలో నాకు తెలిసిన ఒక మెకానిక్ ముందు పెట్టాను. ఆయన చేతిలో స్పానర్ పక్కన పెట్టి నవ్వాడు. "కలిపితే లైటు పోతది సార్, అబద్ధం లేదు. కస్టమర్ కూడా గదే అడుగుతడు. లైటు పోవాలె అంటడు. ప్యాడు ఎంత మందం ఉన్నదని ఎవ్వరూ అడగరు. మళ్ళ ఆర్నెల్లకు డిస్కు గీసుకపోయి వస్తరు, గప్పుడు నన్నే తిడ్తరు."

ఆయన చెప్పిందాంట్లో అసలు విషయం ఉంది. వైరు రెండు కొసలు కలిపితే కంప్యూటర్ దృష్టిలో తీగ బాగానే ఉన్నట్టు. ఈరోజు కొత్త ప్యాడ్లున్నాయి కాబట్టి ఏ నష్టమూ కనిపించదు. నష్టం కనిపించేది ఈ ప్యాడ్లు అరిగాక. ప్యాడ్ 3 మి.మీ.కి వస్తుంది, లైటు రాదు. 1 మి.మీ.కి వస్తుంది, లైటు రాదు. చివరికి ప్యాడ్ వెనకున్న ఇనుప ప్లేటే డిస్క్‌ని రాయడం మొదలుపెడుతుంది. 'గర్ర్' మని శబ్దం వస్తుంది. ఇనుము ఇనుముని పట్టుకుంటే బ్రేక్ ముందులా పట్టదు, డిస్క్ పాడవుతుంది, పిస్టన్ హద్దు దాటి బయటికొస్తే ఆయిల్ కారే ప్రమాదం కూడా ఉంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 16 మీటర్లకి పైగా పోతుంది. అంటే బస్సు పొడవు కంటే ఎక్కువ. ముందు ఎవరో అడ్డం వస్తే తేడా అక్కడ తెలుస్తుంది.

ఇంకో సంగతి. అప్పటికి కారు మీ దగ్గరే ఉంటుందన్న గ్యారంటీ లేదు. మీరు అమ్మేసి ఉండొచ్చు. మీ తమ్ముడు తీసుకుని అమ్మానాన్నల్ని యాదగిరిగుట్టకి తీసుకెళ్తుండొచ్చు. వైరు కలిపిన సంగతి మీకు తెలుసు, ఆ షెడ్డుకి తెలుసు. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషికి తెలియదు. ఆ మనిషి డ్యాష్‌బోర్డ్ చూసి "ఏ లైటూ లేదు, అంతా బాగానే ఉంది" అనుకుంటాడు. సెన్సర్ అసలే లేని కారయితే ఎవరో ఒకరు అప్పుడప్పుడు వంగి చూస్తారు. సెన్సర్ ఉండి, అది అబద్ధం చెప్పే కారులో ఎవరూ చూడరు. అందుకే అది ఎక్కువ ప్రమాదం.

అశోక్ నగర్ స్టడీ హాల్ బ్యాచ్‌కి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఐదింటి అలారం నొక్కేసి పడుకుంటే పరీక్ష వాయిదా పడదు కదా.

ప్యాడ్లు మార్చినా లైటు ఎందుకు పోలేదు?

మన పాఠకుడి కారులో లైటు పోకపోవడానికి కారణాలు కొన్నే. వరసగా చూసుకోండి.

ఒకటి, సెన్సర్ మార్చలేదు. ఎక్కువసార్లు ఇదే. ప్యాడ్లు కొత్తవి వేసి, అప్పటికే తెగిన పాత సెన్సర్‌నే మళ్ళీ దూర్చేస్తారు. ఒకసారి డిస్క్‌కి తగిలి తెగిన సెన్సర్ మళ్ళీ అతుక్కోదు. కొత్తది వేయాల్సిందే. లైటు రాకముందే ప్యాడ్లు మార్చి, సెన్సర్ కొస చెక్కుచెదరకుండా ఉంటే తిరిగి వాడొచ్చు. కానీ ఏళ్ళ తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, పాత ప్యాడ్ లోంచి లాగేటప్పుడే పుటుక్కుమంటుంది. ప్యాడ్ల సెట్ ధరతో పోలిస్తే సెన్సర్ ధర చిన్నదే. ప్యాడ్లతో పాటు మార్చేయడమే తెలివైన పని. కొన్ని కార్లలో సెన్సర్ ప్యాడ్‌కే అతికి వస్తుంది, అప్పుడు ఈ బాధ లేదు.

రెండు, రీసెట్ చేయలేదు. కొన్ని కార్లలో సెన్సర్ మార్చగానే లైటు దానంతటదే పోతుంది. బీఎండబ్ల్యూ లాంటి వాటిలో మెనూలోకి వెళ్లి బ్రేక్ సర్వీస్ అయిందని కారుకి చెప్పాలి, లేదా స్కానర్ పెట్టాలి. సెన్సర్ ఇంకా తెగే ఉంటే ఆ రీసెట్‌ని కారు ఒప్పుకోదు. అలా ఒప్పుకోకపోతే కారు మొండికేసిందని కాదు, నిజం చెప్తోందని అర్థం.

మూడు, ప్లగ్ సరిగ్గా కూర్చోలేదు, లేదా వైరు ఇంకెక్కడో తెగింది. సెల్లార్ పార్కింగుల్లో ఎలుకలు కొరికిన వైర్లు హైదరాబాద్ మెకానిక్‌లకి కొత్త కాదు. వానాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్ళలోంచి రోజూ పోతుంటే ప్లగ్‌లో తుప్పు పట్టొచ్చు. ముందు చక్రం స్టీరింగ్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి సెన్సర్ వైరుని దాని క్లిప్పుల్లోనే బిగించాలి. వదిలేస్తే టైరుకి రాసుకుని నెలలోపే తెగుతుంది.

నాలుగు, వేరే చక్రం సెన్సర్ అది. ముందు ప్యాడ్లు మార్పించారు సరే, అరిగింది వెనకవేమో చూశారా?

ప్యాడ్లు మార్పించే రోజు

షెడ్డులో పక్కనే నిలబడండి. నేర్పడానికి కాదు, చూడటానికి. ఈ కింద చెప్పినవి జరుగుతున్నాయో లేదో గమనించండి.

ఎడమ చక్రానికి మారిస్తే కుడి చక్రానికీ మార్చాలి. ఒకవైపు కొత్త, ఒకవైపు పాత అయితే బ్రేక్ నొక్కినప్పుడు కారు పక్కకి లాగుతుంది.

పాత ప్యాడ్లు నాలుగూ అడిగి తీసుకుని వరసగా పెట్టి చూడండి. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది బాగానే ఉందంటే కాలిపర్ పిన్నులు బిగుసుకుపోయాయేమో చూడమనండి. వాటిని శుభ్రం చేసి గ్రీజు పెట్టకుండా కొత్త ప్యాడ్లు వేస్తే ఇవీ అలాగే పోతాయి.

సెన్సర్ ప్లగ్ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు కీ ఆఫ్‌లో ఉండాలి.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్‌ని వెనక్కి నొక్కుతారు. అప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పైకొస్తుంది. పొంగి పెయింట్ మీద పడితే రంగు ఊడుతుంది. ఇక్కడే ఒక కిటుకు తెలుసుకోండి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ డబ్బాలో మట్టం మెల్లగా తగ్గుతుంది. సెన్సర్ లేని కార్లలో అది కూడా ఒక హెచ్చరికే. "ఆయిల్ తగ్గింది" అని ప్రతిసారీ పోయించుకుంటూ పోతే, ఆ హెచ్చరిక నోరు కూడా మనమే మూసినట్టు. తగ్గితే ముందు ప్యాడ్లు చూడమనండి, లీకేజీ చూడమనండి, ఆ తర్వాతే ఆయిల్.

హ్యాండ్‌బ్రేక్ లీవర్ బదులు బటన్ ఉన్న కారయితే వెనక ప్యాడ్లు మార్చేముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అది చేయకుండా పిస్టన్‌ని బలంగా నొక్కితే లోపలి మోటారు పోతుంది. ఆ పద్ధతి తెలియని షెడ్డులో ఆ పని చేయించకండి.

అంతా బిగించాక, బండి కదపకముందు పెడల్‌ని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కాలి. మొదటిసారి అది నేల దాకా పోతుంది, గట్టిపడేదాకా నొక్కాలి. ఇది మరిచి రివర్స్ తీస్తే ఎదురింటి గోడే బ్రేక్. తర్వాత మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు తగ్గించండి. కొత్త ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి సర్దుకోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి.

సెన్సర్ ఉంది కదా అని...

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పాలి. సెన్సర్ ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు. బీఎండబ్ల్యూలో మామూలుగా ముందు ఎడమ చక్రానికి ఒకటి, వెనక కుడి చక్రానికి ఒకటి, అంతే. నాలుగు చక్రాలకి రెండే సెన్సర్లు. ముందు కుడి చక్రంలో కాలిపర్ బిగుసుకుని ప్యాడ్ పూర్తిగా అరిగినా ఆ లైటుకి తెలియదు. ఇక మామూలు చిన్న కార్లలో వెనక చక్రాలకి డ్రమ్ బ్రేకులుంటాయి. వాటికి చాలా కార్లలో ఈ హెచ్చరికలేవీ ఉండవు, సర్వీసులో విప్పి చూడాల్సిందే.

కార్ల బ్రేకుల మీద ఐక్యరాజ్యసమితి నిబంధన ఒకటుంది, 13-హెచ్ అంటారు. అది కూడా ఇదే చెప్తుంది. ప్యాడ్ ఎంత అరిగిందో బయట నుంచో కింద నుంచో తేలిగ్గా చూడగలగాలి, లేదంటే మార్చే టైమ్ వచ్చిందని డ్రైవర్‌కి శబ్దంతోనో లైటుతోనో తెలియాలి. చూపయినా ఉండాలి, హెచ్చరికయినా ఉండాలి. వైరు కలిపేసి, వంగి చూడకపోతే రెండూ పోయినట్టే.

అసలు బ్రేక్ లైనింగ్ కథ మొదలైందే చూపుతో. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లు దాటి ప్రయాణం చేసింది. కారులో అంత దూరం వెళ్లిన మొదటి మనిషి ఆవిడే. దారిలో దిగుడు రోడ్ల మీద బ్రేక్ దిమ్మెలు అరిగిపోతే, ఒక చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆపి వాటికి తోలు కొట్టించింది. లైటూ లేదు, సెన్సరూ లేదు. బ్రేక్ సరిగ్గా పట్టడం లేదని గమనించింది, దిగి చూసింది, పని చేయించింది. మనం చేయాల్సింది కూడా అంతే.

ఫోన్ టార్చ్‌తో రెండు నిమిషాలు

మీ చేతిలో ఫోన్ ఉంది కదా, దాన్నే వాడండి. నెలకోసారి, కారు చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలు చల్లారాక చూడండి.

అలాయ్ వీల్ సందుల్లోంచి టార్చ్ వేసి కెమెరా జూమ్ చేయండి. డిస్క్‌ని ఆనుకుని బయటి ప్యాడ్ కనిపిస్తుంది. ఇనుప ప్లేటు వదిలేసి, దానికి అతికి ఉన్న పదార్థం మందం చూడండి. ఒక ఫొటో తీసి దాచుకోండి, వచ్చే నెల ఫొటోతో పోల్చుకోవచ్చు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే చాలా కార్లలో ముందు చక్రం వెనక వైపు నుంచి లోపలి ప్యాడ్ కూడా కొంచెం కనిపిస్తుంది. కారు కిందకి మాత్రం దూరకండి. జాకీ మీద ఉన్న కారు కిందకి అసలే వద్దు.

చెవులు కూడా వాడండి. రాత్రంతా వానలో ఆగిన కారు పొద్దున్నే బయల్దేరితే మొదటి నాలుగైదు బ్రేకులకి గరగర శబ్దం వస్తుంది. అది డిస్క్ మీద పట్టిన పైపై తుప్పు, పోతుంది. హుస్సేన్‌సాగర్ నాలా పక్క ఇళ్ళవాళ్ళకి వానాకాలంలో ఇది మామూలే. కానీ రోజంతా ఆగకుండా సన్నగా 'కీ' మంటుంటే, బ్రేక్ నొక్కినప్పుడు ఆ శబ్దం మారుతుంటే, అది ఆ స్ప్రింగు రేకు పిలుపు. మ్యూజిక్ సౌండ్ పెంచి దాన్ని వినపడకుండా చేయడం కూడా వైరు కలపడం లాంటిదే.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకి

కీ ఆన్ చేయగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు, డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక లైట్లు ఎక్కువశాతం ఒకసారి వెలిగి ఆరతాయి. ఏది అసలు వెలగలేదో చూడండి. ఓనర్ మాన్యువల్‌లో ఈ కారుకి ప్యాడ్ సెన్సర్ ఉందో లేదో, ఏ చక్రాలకి ఉందో చూసుకోండి. ఉందంటే ఆ చక్రం దగ్గర టార్చ్ వేసి వైరుని కళ్ళతో వెంబడించండి. వైరు కాలిపర్ దాకా వెళ్లి ప్యాడ్‌లో కూర్చుని ఉండాలి. మధ్యలో నల్ల టేపు చుట్టి ఉంటే, మెలితిప్పిన కొసలు వేలాడుతుంటే, ఎవరో లైటుని ఆర్పేశారని అర్థం. బేరం అక్కడ ఆపి ప్యాడ్లు, డిస్కులు విప్పి చూపించమనండి. డిస్క్ కనీసం ఎంత మందం ఉండాలో చాలావరకు దాని మీదే చెక్కి ఉంటుంది, కొలిపించండి.

ఇక అశోక్ నగర్ తమ్ముడికి: షెడ్డుకి వెళ్లి "లైటు తీసేయండి" అనకు. "ముందు, వెనక రెండు సెన్సర్లూ చూడండి, తెగినదాన్ని కొత్తది వేసి రీసెట్ చేయండి, పాతది నా చేతికివ్వండి" అను. పాత సెన్సర్ కొస చూస్తే నీకే తెలుస్తుంది, అది అరిగి ఉంటుంది. బిల్లు మీద సెన్సర్ మార్చినట్టు, అప్పుడు కిలోమీటర్లు ఎన్నున్నాయో రాయించుకుని ఫోన్‌లో ఫొటో పెట్టుకో. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడికి ఆ ఫొటో కూడా ఇచ్చేయ్.